చెడు వార్త మీ దాకా ఎన్ని రోజులకు చేరుతోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఏడేళ్ళుగా ఒకే సంస్థలో ఉన్నారు. పనిలో మంచి పేరుంది. అయినా టీమ్ లీడ్ పోస్టు రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. రెండోసారి మేనేజర్‌ని నిలదీస్తే, "నీ పనికి వంక పెట్టడానికి లేదు. కానీ నీతో మాట్లాడాలంటే అందరూ జంకుతున్నారు. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ పెంచుకో" అన్నారు. అలాంటిది నిజంగా ఒకటుందా, లేక భజన చేయడం రానివాళ్ళని పక్కన పెట్టడానికి వాడుకునే మాటా అని మీ అనుమానం. ఉంటే గనక, పొద్దస్తమానం నవ్వు పులుముకుని తిరగాలా? ముప్పై దాటాక మనిషి స్వభావం మారుతుందా?

ఇరవై ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. అందులో పదిహేడేళ్ళు నలుగురి చేత పని చేయించే ఉద్యోగమే. నా మాట వినండి, మీ మేనేజర్ చెప్పినదాంట్లో చివరి వాక్యం కాసేపు పక్కన పెట్టండి. దాన్ని ఇప్పుడు అందరూ అన్నిటికీ వాడేస్తున్నారు. దాని ముందు ఆయనన్న మాట ఉంది చూడండి, "అందరూ జంకుతున్నారు" అని, అసలు విషయం అక్కడుంది. జంకేవాళ్ళు మీ దగ్గర ఏం దాచుకుంటున్నారో మీకు తెలియదు. తెలియనిదాని వల్ల మీకు ఎంత నష్టం జరుగుతోందో లెక్క కట్టలేరు. నాకు ఆ లెక్క ఒకసారి చాలా ఆలస్యంగా తెలిసింది.

అప్పటికి నేను టీమ్ లీడ్ అయ్యి మూడో ఏడు. ఒక పెద్ద క్లయింటుకి పంపాల్సిన లెక్కల ఫైలు శుక్రవారం సాయంత్రంలోగా వెళ్ళాలి. ఆరుంపావు అయింది. టీమ్‌లో అందరికన్నా చిన్నవాడు, చేరి ఏడాది కూడా కాలేదు, రెండు కాగితాలు పట్టుకుని నా బల్ల పక్కకి వచ్చి నిలబడ్డాడు. "సార్, ఒక్క నిమిషం..." అన్నాడు. నేను స్క్రీన్ మీద నుంచి కళ్ళు తిప్పలేదు. గట్టిగా ఊపిరి వదిలి, "ఇప్పుడా వచ్చేది? పొద్దున్నుంచీ ఏం చేస్తున్నావు?" అన్నాను. అరవలేదు. మామూలు గొంతుతోనే అన్నాను. అతను ఒక్క క్షణం ఆగి, "ఏం లేదు సార్, సోమవారం చూద్దాం లెండి" అని ఆ కాగితాలు నిలువునా సగానికి మడిచి, మడత మీద వేలితో ఒకసారి రాసి, తన సీటుకి వెళ్ళిపోయాడు.

ఆ కాగితాల్లో ఉన్నది ఒక కాలమ్‌లో కొలతలు తేడాగా పడ్డాయేమోనన్న సందేహం. సందేహం నిజమే. పదకొండు రోజుల తర్వాత క్లయింటే పట్టుకున్నాడు. పని మొత్తం వెనక్కి వచ్చింది. ఎక్కడ పొరపాటు జరిగిందని ఆరా తీస్తుంటే ఆ కుర్రాడు తల దించుకుని, "ఆ రోజు చెబుదామనే వచ్చాను సార్" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, తనే తప్పు చేసినట్టు. నాకు ముందు వచ్చింది కోపమే. మళ్ళీ వచ్చి చెప్పొచ్చు కదా అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఆర్నెల్లలో మా టీమ్‌లో వచ్చిన సమస్యల్ని ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను. దాదాపు అన్నీ నాకు బయటివాళ్ళ ద్వారానే తెలిశాయి. నా సొంత టీమ్ నుంచి ముందుగా వచ్చి చెప్పినవి ఒకటో రెండో. వాళ్ళు నన్ను మోసం చేయలేదు. నా దగ్గరికి రావద్దని నేనే వాళ్ళకి నేర్పాను, మూడేళ్ళపాటు, రోజుకి కాస్త చొప్పున.

అందుకే ఈ విషయం మీద ఎవరు అడిగినా నేను పరీక్షలు రాయమని, మార్కులు చూసుకోమని చెప్పను. మీ టీమ్‌లో ఒక తేడా జరిగిన రోజుకీ, అది మీ చెవిన పడిన రోజుకీ మధ్య ఎన్ని రోజులు గడుస్తున్నాయో చూసుకోమంటాను. నాకు తెలిసి ఇంతకంటే నిజం చెప్పే కొలత లేదు.

ఇక ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అన్న ఆ మాట సంగతి. పత్రికల్లో భావోద్వేగ ప్రజ్ఞ అని రాస్తున్నారు. ఇది శిక్షణ తరగతులవాళ్ళు పుట్టించిన సరుకు కాదు. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన వ్యాసంలో దీన్ని నిర్వచించారు. మన మనసులోనూ ఎదుటివాళ్ళ మనసులోనూ ఏం కదులుతోందో గమనించడం, ఒక భావానికీ ఇంకో భావానికీ తేడా పట్టుకోవడం, అలా తెలిసినదాన్ని ఆలోచనకీ పనికీ వాడుకోవడం అన్నారు. అంతే. అందులో మంచితనం ప్రస్తావన లేదు, నవ్వు ముఖం ప్రస్తావన అసలే లేదు. అది ఒక సామర్థ్యం, లెక్కలు రావడం లాంటిది. 1995లో డేనియల్ గోల్‌మన్ అనే సైన్స్ జర్నలిస్టు రాసిన పుస్తకంతో ఈ మాట ప్రపంచమంతా పాకింది.

ఆ పాకడంలోనే ఒక అబద్ధం కూడా పుట్టింది. విజయంలో ఐక్యూ వాటా 20 శాతమే, మిగతా 80 శాతం ఈక్యూదే, అంటే భావోద్వేగ ప్రజ్ఞదే అని మీరు ఎన్నోచోట్ల చదివి ఉంటారు. గోల్‌మన్ రాసింది అది కాదు. జీవితంలో విజయానికి ఐక్యూ మహా అయితే 20 శాతం కారణం అవుతుందని, మిగతాది వేరే కారణాల చేతిలో ఉంటుందని ఆయన రాశాడు. ఆ వేరే కారణాల్లో పుట్టిన కుటుంబం, అదృష్టం, కాలం అన్నీ ఉన్నాయి. జనం దాన్ని ఈక్యూ ఖాతాలో వేసేశారు. అలా చదవడం తప్పని తర్వాత ఆయనే సరిచేశాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ పనితనం విలువ 20 శాతమేనని ఎవరైనా అంటే నమ్మకండి. పని రానివాడికి ఎంత నేర్పుగా మాట్లాడటం వచ్చినా ఏడాది తిరిగేసరికి బయటపడిపోతాడు.

మరి మీ ప్రమోషన్ ఎందుకు ఆగింది? దీనికి మంచి జవాబు 2010లో డానా జోసెఫ్, డేనియల్ న్యూమన్ చేసిన సమీక్షలో ఉంది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూశారు. మనుషులతో, వాళ్ళ భావాలతో ఎక్కువగా మెలగాల్సిన ఉద్యోగాల్లో ఈ సామర్థ్యం ఉన్నవాళ్ళు బాగా రాణిస్తున్నారు. ఒంటరిగా కూర్చుని చేసుకునే పనుల్లో దాని ప్రభావం పెద్దగా కనబడదు, ఎదురు తిరిగే అవకాశం కూడా ఉంది. మీరు ఈ ఏడేళ్ళూ చేసింది ఆ రెండో రకం పని. అందుకే లోటు తెలియలేదు. మీరు అడుగుతున్న పోస్టు మొదటి రకం. అదే సంస్థ, అదే అంతస్తు, పక్క సీటే కావచ్చు, కానీ ఉద్యోగం వేరు. మీ మేనేజర్ మీద కోపం కాస్త తగ్గడానికి ఈ ఒక్క సంగతి పనికొస్తుందనుకుంటాను.

వ్యక్తిగత గుణాల్లో ఏది ముఖ్యమని కూడా అడిగారు. ఒక్కటే చెప్పమంటే, ఒప్పుకున్న పని చెప్పిన వేళకి చెప్పినట్టు చేయడం. 1991లో ముర్రే బారిక్, మైకేల్ మౌంట్ 117 అధ్యయనాలు కలిపి చూస్తే, అమ్మకాల ఉద్యోగం నుంచి పోలీసు ఉద్యోగం దాకా అన్నిచోట్లా పనితీరుతో ముడిపడిన గుణం అదే. అది మీకు ఉంది, లేకపోతే పేరు వచ్చేది కాదు. దాని గురించి ఎక్కువ రాయను. అయితే ఒక హెచ్చరిక: ఈ గుణం బాగా ఉన్నవాళ్ళకే, అది లేనివాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. మీ దగ్గర జనం జంకడానికి మూలం అక్కడే ఉండొచ్చు.

అసలు కష్టం ఎక్కడుందో ఇప్పుడు చెబుతాను. మన మనసులో ఉన్నది మనకే సరిగ్గా తెలియకపోవడం దగ్గర. ఆ శుక్రవారం సాయంత్రం నాకేమైందని ఎవరైనా అడిగితే "వర్క్ టెన్షన్" అనేవాణ్ణి. అది నిజం కాదు. ఆ మధ్యాహ్నం మా డైరెక్టర్ నలుగురి ముందూ "ఈసారైనా టైముకి వెళ్తుందా?" అని అడిగాడు. నాకున్నది భయం. దాని కింద కొంచెం అవమానం. ఆ రెండూ బయటికి వచ్చేటప్పుడు విసుగు వేషం వేసుకుని వచ్చాయి, ఏ పాపం తెలియని కుర్రాడి మీదికి.

మన భాషలో ఈ విషయంలో ఎంత సంపద ఉందో ఒకసారి చూడండి. చిరాకు వేరు, విసుగు వేరు. పనికి ఏదో అడ్డు తగిలితే చిరాకు, అది పది నిమిషాల్లో పోతుంది. అదే పని నాలుగోసారి చేయాల్సి వస్తే విసుగు, అది పేరుకుంటుంది. ఉక్రోషం ఇంకోటి. తప్పు మన దగ్గరే ఉందని లోపల తెలుస్తూనే ఉంటుంది, పైకి ఒప్పుకోలేక రగులుతాం. నలుగురిలో మన మాటకి విలువ దక్కకపోతే చిన్నబోతాం. మనవాళ్ళనుకున్నవాళ్ళు మాట అంటే నొచ్చుకుంటాం. పరాయివాళ్ళు అంటే కోపం వస్తుంది గానీ నొచ్చుకోం. అంటే ఎవరి మాటకైనా మీరు నొచ్చుకుంటే, ఆ మనిషిని మీరు మీవాళ్ళలో కలుపుకున్నారని అర్థం. కంగారు, ఆదుర్దా, బెంగ, దిగులు, ఇవన్నీ భయం కుటుంబంలోవే అయినా ఒకదాని బదులు ఇంకోటి వాడలేం.

ఇన్ని మాటలుండగా ఆఫీసుకి వచ్చేసరికి అన్నిటినీ టెన్షన్, ఫ్రస్ట్రేషన్ అనే రెండు మాటల్లో కుక్కేస్తున్నాం. ఇది భాషాభిమానంతో అంటున్నది కాదు. పేరు మారితే చేయాల్సిన పని మారుతుంది. విసుగైతే పని పద్ధతి మార్చుకోవాలి. కంగారైతే గడువు అడగాలి. ఉక్రోషమైతే తప్పు ఒప్పుకోవాలి, వేరే దారి లేదు. నొచ్చుకుంటే ఆ మనిషితో విడిగా కూర్చుని మాట్లాడాలి. అన్నిటికీ టెన్షన్ అని ఒకే పేరు పెట్టుకుంటే అన్నిటికీ ఒకే మందు వాడతాం, దగ్గర్లో ఉన్నవాళ్ళ మీద విరుచుకుపడటం.

పేరు పెట్టడానికి ఇంకో బలం కూడా ఉంది. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం కొంతమందికి కోపంగా, భయంగా ఉన్న ముఖాల ఫోటోలు చూపించి మెదడుని స్కాన్ చేసింది. ఆ ముఖంలో ఉన్న భావానికి పేరు ఎంచుకున్నప్పుడు, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం స్పందన తగ్గింది. ఆ ముఖానికి తగిన మనిషి పేరు ఎంచుకోమన్నప్పుడు అంతగా తగ్గలేదు. భావానికి సరైన మాట దొరకగానే దాని ఉధృతి కొంత దిగుతుందన్నమాట. నేను చేసేది చాలా చిన్న పని. ఎవరికైనా జవాబు చెప్పేముందు లోపల ఒత్తిడి అనిపిస్తే, కాగితం మూల ఒక్క మాట రాస్తాను: ఉక్రోషం, లేదా భయం. రాయడానికి పట్టే ఆ మూడు నాలుగు సెకన్లు చాలు, నోటికి వచ్చిన మొదటి వాక్యం వెనక్కి వెళ్ళిపోతుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా, ఆ జారే క్షణాన్ని కాస్త సాగదీయడమే ఇది.

ఇక నటించాలా అన్న ప్రశ్న. వద్దు. లోపల కోపం పెట్టుకుని పైకి నవ్వడం ఎమోషనల్ ఇంటెలిజెన్స్ కాదు, దానికి పూర్తిగా వ్యతిరేకం. 1983లోనే ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌ల మీద పరిశోధన చేసి, జీతం కోసం ముఖం మీద భావాన్ని పులుముకోవడం ఎంత శ్రమో, అది మనిషిని లోపల ఎలా ఖాళీ చేస్తుందో చూపించింది. ఆ తర్వాత జేమ్స్ గ్రాస్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లో, భావాన్ని ముఖం మీద కనబడకుండా తొక్కిపట్టినవాళ్ళ శరీరంలో ఒత్తిడి తగ్గలేదు సరికదా, అప్పుడు చూసిన, విన్న విషయాలు కూడా తక్కువగా గుర్తున్నాయి. 2003లో వచ్చిన ఇంకో ప్రయోగం నన్ను బాగా కదిలించింది. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఒకరు భావాలు దాచిపెడితే, ఏమీ తెలియని ఆ రెండో మనిషి రక్తపోటు పెరిగింది. మీరు పళ్ళు బిగించుకుని "ఫర్వాలేదు" అన్నప్పుడు ఎదుటివాళ్ళకి ఫర్వాలేదని అనిపించదు. వాళ్ళ ఒంటికి తెలిసిపోతుంది.

తొక్కిపట్టడానికి బదులు చేయగలిగింది, జరిగినదాని గురించి మనం చెప్పుకునే కథని ఒకసారి తిరిగి చూడటం. ఉదాహరణకి, ఒకాయన మీ పని గురించి పూటపూటకీ "ఎంతవరకూ వచ్చింది?" అని మెసేజ్ పెడుతున్నాడు. నా మీద నమ్మకం లేదు, అందుకే కాపలా కాస్తున్నాడని మీరు అనుకుంటే కోపం తప్ప ఇంకేం రాదు. ఆయన పైవాళ్ళకి సమాధానం చెప్పుకోవాలి, చేతిలో ఒక్క వివరం లేదు, అందుకే అడుగుతున్నాడని కూడా అనుకోవచ్చు. రెండోది నిజమో కాదో తేల్చుకోవడం తేలిక. ఆయన అడగకముందే పొద్దున్నే రెండు లైన్లు పంపండి. మెసేజ్‌లు ఆగిపోతే మీ మొదటి కథ తప్పు. ఆగకపోతే అప్పుడు మొదటి కథ గురించి ఆయనతోనే మాట్లాడాలి. ఇది మనసుకి సర్దిచెప్పుకోవడం కాదు. మన అనుమానాన్ని పరీక్షకి పెట్టడం.

మళ్ళీ చెడు వార్త దగ్గరికి వస్తాను, ఎందుకంటే నాయకత్వం అనేదాంట్లో సగం అక్కడే తేలుతుంది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లు లెక్కపెట్టింది. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంది. తీరా చూస్తే ఎక్కువగా నమోదయ్యాయి. ఆ టీమ్‌లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, జరిగిన తప్పుల్ని దాచకుండా చెప్పుకుంటున్నాయి. మిగతాచోట్ల తప్పులు జరగక కాదు, బయటికి రాక తక్కువగా కనిపిస్తున్నాయి. మీ టీమ్ నుంచి ఫిర్యాదులే లేవని, అంతా సాఫీగా ఉందని మీకు అనిపిస్తుంటే కాస్త భయపడండి.

కాబట్టి ఎవరైనా "ఒక్క నిమిషం" అంటూ వచ్చినప్పుడు మీ మొదటి వాక్యం ఏమిటన్నది చాలా ముఖ్యం. ఆ మొదటి వాక్యాన్ని పక్క సీట్లలో ఉన్న అయిదారుగురు కూడా వింటుంటారు, రేపు మీ దగ్గరికి రావాలో వద్దో వాళ్ళు అప్పుడే నిర్ణయించుకుంటారు. నేను నేర్చుకున్నది ఇదీ. కీబోర్డు మీద నుంచి చేతులు తీసి, కుర్చీ పూర్తిగా వాళ్ళ వైపు తిప్పాలి. సగం తిప్పితే లాభం లేదు, సగం వింటున్నట్టే ఉంటుంది. విన్నాక ముందు "వచ్చి చెప్పావు, మంచి పని చేశావు" అనాలి. ఆ తర్వాత "ఇప్పుడు ఏం చేస్తే నష్టం ఆగుతుంది?" అని అడగాలి. "ఎవరు చేశారు?" అన్న ప్రశ్న ఆ రోజుకి రాకూడదు. "ఎందుకు చేశావు?" అన్నది కూడా ఆగాలి, అది మనకి ప్రశ్న, వినేవాళ్ళకి నింద. నిజంగా తీరిక లేకపోతే లేదనే చెప్పండి. కాకపోతే "ఏడింటికి ఈ ఫైలు పంపేస్తాను, ఏడుంపావుకి నేనే నీ దగ్గరికి వస్తాను" అని చెప్పి, వెళ్ళాలి. ఒక్కసారి వెళ్ళకపోయినా ఆ మాటకి ఇక విలువ ఉండదు.

అలాగని తప్పులు చూసీ చూడనట్టు వదిలేయమని కాదు. మెత్తగా ఉంటేనే మంచి లీడ్ అనుకునేవాళ్ళు టీమ్‌ని ఇంకో రకంగా పాడుచేస్తారు. అక్కడ బాగా పనిచేసేవాళ్ళే ముందు విసిగిపోయి వెళ్ళిపోతారు. తప్పు చెప్పాలి, విడిగా చెప్పాలి, జరిగినదాని గురించి చెప్పాలి. "నీకు బాధ్యత లేదు" అంటే మనిషి మీద తీర్పు, దానికి వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు, ఎదురు తిరగడం తప్ప. "బుధవారం రావాల్సిన ఫైలు గురువారం సాయంత్రం వచ్చింది. ఆలస్యమవుతుందని బుధవారం పొద్దున్నే చెప్పి ఉంటే నేను గడువు మార్పించేవాణ్ణి" అంటే అందులో వాళ్ళు పట్టుకోవడానికి ఒక పని ఉంది.

మీటింగుల గురించి ఒక మాట. 2010లో అనిత వూలీ బృందం 699 మందిని చిన్నచిన్న బృందాలుగా చేసి రకరకాల పనులు ఇచ్చి చూసింది. బృందంలో అందరికన్నా తెలివైనవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళన్నది ఫలితాన్ని పెద్దగా నిర్ణయించలేదు. ఎదుటివాళ్ళ మనసు చదవగలగడం, మాట్లాడే అవకాశం అందరికీ దాదాపు సమానంగా దొరకడం, ఈ రెండూ ఉన్న బృందాలు బాగా చేశాయి. పని బాగా తెలిసినవాళ్ళు మీటింగులో మొదట మాట్లాడతారు, ఆ తర్వాత మాట్లాడటానికి ఎవరికీ ఏమీ మిగలదు. మీరు నెల రోజులు చివర మాట్లాడి చూడండి. మొదటి వారం చాలా కష్టంగా ఉంటుంది. తప్పు మాట వినబడుతుంటే నాలుక దురద పెడుతుంది. ఓర్చుకోండి, మీరు చెప్పాలనుకున్నదాంట్లో సగం వేరేవాళ్ళే చెప్పేస్తారు, మిగతా సగంలో కొంత మీరే మార్చుకుంటారు.

మెయిళ్ళు, చాట్ మెసేజ్‌ల దగ్గర మరీ జాగ్రత్త. మనం రాసినదాని స్వరం అవతలివాళ్ళకి మనం అనుకున్నంతగా అందదని 2005లో జస్టిన్ క్రూగర్, నికలస్ ఎప్లీ ప్రయోగాలతో చూపించారు. రాసేటప్పుడు మన గొంతు మన చెవుల్లో వినిపిస్తూ ఉంటుంది, వాళ్ళకి వినిపించదు. "ఓకే." అని చుక్క పెట్టి పంపిన ఒక్క మాటకి రెండు రోజులు నిద్రపోనివాళ్ళని నేను చూశాను. అభిప్రాయ భేదం ఉన్న ఏ విషయమైనా రెండు మెయిళ్ళు దాటితే ఫోన్ చేయండి, లేదా లేచి వాళ్ళ సీటు దగ్గరికి వెళ్ళండి.

ముప్పై దాటాక మారతామా అంటే, స్వభావం అంత తేలిగ్గా మారదు, చేసే పని మారుతుంది. శిక్షణతో ఈ సామర్థ్యం ఓ మోస్తరుగా పెరుగుతుందని అధ్యయనాల సమీక్షలు చెబుతున్నాయి. నా అనుభవం కూడా అంతే. నాకు ఇప్పటికీ కోపం త్వరగా వస్తుంది. వచ్చినప్పుడు చేసేది మాత్రం మారింది. నిద్ర తక్కువైన రోజున అది కూడా మారదు, కాబట్టి అలాంటి రోజు కీలకమైన మాటలు పెట్టుకోను, మర్నాటికి వాయిదా వేస్తాను.

ఇంకో సంగతి, ఇది చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మీరు స్త్రీనో పురుషుడో రాయలేదు. 2008లో విక్టోరియా బ్రెస్కాల్, ఎరిక్ ఉల్‌మన్ ప్రయోగాల్లో, పనిలో కోపం చూపించిన మగవాడికి గౌరవం పెరిగితే, అదే కోపం చూపించిన ఆడమనిషికి తగ్గింది. మీరు స్త్రీ అయితే, మీ పక్కన అంతకన్నా కటువుగా మాట్లాడే మగవాళ్ళకి ఈ సలహా ఎప్పుడైనా అందిందేమో చూసుకోండి. అందకపోతే, ఆ మాట మీ మేనేజర్‌తో నిదానంగా, స్పష్టంగా అనే హక్కు మీకుంది. అలాగే నలుగురిలో తిట్టే బాసుని, రోజూ అవమానించే చోటుని సహించడం ఎమోషనల్ ఇంటెలిజెన్స్ కాదు. అక్కడ మనసు చెబుతున్న నొప్పి సరైన సమాచారమే. తేదీలతో రాసుకుని, చెప్పాల్సిన చోట చెప్పి, వీలుంటే బయటపడాలి.

మీ విషయంలో ముందు చేయాల్సింది మేనేజర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళడం. "మీరన్న మాట మీద ఆలోచించాను. జంకుతున్నారన్నారు కదా, నేను ఏ సందర్భంలో ఏమన్నానో రెండు మూడు సంఘటనలు చెప్పగలరా? పేర్లు అక్కర్లేదు" అని అడగండి. ఆయన చెబుతున్నంతసేపూ సంజాయిషీ ఇవ్వకండి. "అది కాదు సార్, అప్పుడేం జరిగిందంటే" అని మొదలుపెట్టారంటే, మీతో మాట్లాడాలంటే ఎందుకు జంకుతారో ఆయనకి ఆ క్షణంలో మళ్ళీ కనిపిస్తుంది. రాసుకోండి, థాంక్స్ చెప్పండి, బయటికి వచ్చాక ఎంతైనా ఉడికిపోండి. ఆయన ఒక్క సంఘటన కూడా చెప్పలేకపోతే అప్పుడు మీ అనుమానానికి కొంత బలం ఉన్నట్టు, ఆ సంస్థలో మీ భవిష్యత్తు గురించి వేరేగా ఆలోచించుకోవచ్చు.

ఆ సంఘటనల్లో ఎవరినైనా నిజంగా చిన్నబుచ్చి ఉంటే, వెళ్ళి చెప్పండి. క్షమాపణలో "కానీ" అన్న మాట రాకూడదు. "ఆ రోజు బిజీగా ఉన్నాను కానీ..." అంటే అది క్షమాపణ కాదు, వాయిదా పడిన వాదన. "ఆ రోజు నువ్వు చెబుతుంటే నేను వినలేదు. తప్పు నాది" అని ఆగిపోండి. వాళ్ళు "ఫర్వాలేదు లెండి" అంటారు. అది నమ్మకం తిరిగి వచ్చిందని కాదు. దానికి టైము పడుతుంది.

నేను ఆ కుర్రాడికి అలాగే చెప్పాను. తర్వాత ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి సమస్యకీ రెండు తేదీలు రాయడం మొదలుపెట్టాను, మొదలైన తేదీ ఒకటి, నాకు తెలిసిన తేదీ ఒకటి. మొదట్లో ఆ రెండిటి మధ్య వారం, పది రోజులు ఉండేవి. ఏడాది గడిచేసరికి ఎక్కువ భాగం రెండు రోజుల్లోపే తెలుస్తున్నాయి. అతను మాత్రం పిలిస్తే తప్ప నా దగ్గరికి రాలేదు, చాలా కాలం. అయిదు నెలల తర్వాత ఒక రోజు గడువు సాయంత్రమే, చేతిలో కాగితాలతో వచ్చి "సార్, ఒక్క నిమిషం" అన్నాడు. కుర్చీ తిప్పాను. కాగితాలు మడవకుండా, నా బల్ల మీద పక్కపక్కనే పరిచాడు.